తొమ్మిదో రోజు దగ్గు

ఆర్నాల్డ్‌కు చూపు మందగించినప్పటి నుంచి అతని ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని. చూపు పూర్తిగా పోలేదు. ఎదుటి మనిషి జుట్టు, భుజాలు, చేతులు కనిపించేవి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం మసక. అక్షరాలతోనూ అదే ఇబ్బంది. రోజూ సాయంత్రం నాలుగింటికి పక్కింటి తలుపు చప్పుడయ్యేది, వెంటనే నా తలుపు. ముందు టింకర్ వచ్చేవాడు, వాడి వెనక తోలు పట్టీ, పట్టీ చివర ఆర్నాల్డ్, అతని చంకలో ఆ రోజు టపా. నేను టీ పోసి, కళ్ళజోడు తుడుచుకుని, కవర్లు చింపేదాన్ని.

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నా వంటగదికీ అతని వంటగదికీ మధ్య ఒక్క ఇటుక గోడ. అతను నీళ్ళు కాచుకుంటే నాకు తెలుస్తుంది, కుర్చీ జరిపితే తెలుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చప్పుళ్ళ పక్కనే బతికాను. అతని భార్య డోరీన్ పోయినప్పుడు గోడ అవతల పదకొండు రోజులు ఏ చప్పుడూ లేదు. పన్నెండో రోజు వెళ్ళి తలుపు కొట్టాను.

"బతికే ఉన్నాను, ఎడ్నా," అన్నాడు తలుపు సందులోంచి. "చెత్తడబ్బా బయట పెట్టడం మర్చిపోయాను, అంతే."

ఆ నెలలోనే టింకర్‌ని తెచ్చుకున్నాడు. గోధుమరంగు టెరియర్ పిల్ల, అరచేతిలో పట్టేంత. అప్పుడే వాడి ముఖానికి ముసలాయన గడ్డం ఉండేది.

నేను పదిహేనేళ్ళకే బడి మానేశాను. ఆర్నాల్డ్ వాళ్ళ బాబాయి షెడ్డులో ఉడికించిన రొయ్యలు ఒలిచే పని. ఆర్నాల్డ్ అప్పటికే ట్రాక్టరు ఎక్కి, ఆటుకు సముద్రం వెనక్కి తగ్గిన ఇసుకలో మైళ్ళకొద్దీ వెళ్ళి వల ఈడ్చుకొచ్చేవాడు. చదువు నాకు తర్వాత లైబ్రరీలో అబ్బింది. ముందు ఒక పుస్తకం, పక్కన నిఘంటువు, లైను కింద పెట్టుకోవడానికి ఒక చెక్క స్కేలు. ఇప్పటికీ అలాగే చదువుతాను. అందుకే చిన్న అక్షరాలంటే నాకు భయం లేదు. మిగతా అన్నిటికీ భయమే. ఎవరైనా బస్సెక్కితే దిగేదాకా నాకు ఊపిరాడదు. మా అక్కను ఓడ ఎక్కించిన రోజు నుంచీ అంతే. ఆవిడ కెనడాలోనే పోయింది.

బీమా కాగితాలు చదవడం మాత్రం నా పిల్లి ఆలివ్ వల్ల నేర్చుకున్నాను. పదకొండేళ్ళు నెలనెలా కట్టాను. పన్నెండో ఏట దానికి కిడ్నీలు పాడయ్యాయి. కంపెనీ పన్నెండు నెలలు ఖర్చులు ఇచ్చింది. పదమూడో నెలలో ఒక ఉత్తరం రాసింది. మీరు తీసుకున్న పాలసీలో ఒక్కో జబ్బుకు ఒక్క ఏడాదే, ఆ జబ్బుకు ఏడాది పూర్తయింది అని. జబ్బు మాత్రం పూర్తి కాలేదు. నా దగ్గరున్నది అయిపోయేదాకా మందులు కొన్నాను. ఆ తర్వాత దాన్ని దుప్పట్లో చుట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, ఖాళీ దుప్పటితో తిరిగొచ్చాను. అప్పటినుంచి వీధిలో ఎవరి కుక్కకైనా, పిల్లికైనా పాలసీ వస్తే ముందు నా బల్ల మీదకే వస్తుంది.

ఆ ఏడు సెప్టెంబరులో టింకర్ పాలసీ కొత్త ఏడాది ధరతో ఉత్తరం వచ్చింది.

"తొంభై ఒక్క పౌండ్లా," అన్నాడు ఆర్నాల్డ్. "నెలకా? వీడు నాకంటే బాగా తింటున్నట్టున్నాడే."

"పోయినేడు నలభై ఎనిమిది. వాడికి తొమ్మిదేళ్ళు నిండాయి కదా, అందుకు పెంచారు."

"నాకు డెబ్బై తొమ్మిది నిండాయి. నాకెవడూ ధర పెంచలేదు."

"నీకు ధరే లేదు, ఆర్నాల్డ్."

మూడు రోజులు కూర్చుని నాలుగు కంపెనీల కాగితాలు చదివాను. గోడకు అతికించగా మిగిలిన కాగితం వెనక గళ్ళు గీసి అన్నీ పక్కపక్కన రాశాను. నాలుగో రోజు అతనికి వివరించాను.

"ఇది చూడు. నెలకు యాభై రెండు. ఏడాదికి ఏడు వేల దాకా ఇస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ ఏడు వేలు, అదే జబ్బయినా సరే. ఆలివ్‌కి జరిగినట్టు జరగదు. బిల్లు వస్తే మొదటి నూట యాభై నువ్వు కట్టాలి. మిగిలిన దాంట్లో నూటికి ఇరవై నువ్వు, ఎనభై వాళ్ళు."

"ఆ ఇరవై ఎందుకు?"

"ముసలి కుక్క కాబట్టి."

"వినకురా," అన్నాడు టింకర్ చెవులు మూసి. "ఇంతకీ మెలిక ఎక్కడ?"

"కంపెనీ మారితే అంతకుముందు నుంచీ ఉన్న జబ్బులకు ఇవ్వరు. వీడికేమీ లేవు. మొదటి పద్నాలుగు రోజుల్లో బయటపడ్డ జబ్బుకు కూడా ఇవ్వరు. అది ఎప్పటికీ ఇవ్వరు. ఆ పద్నాలుగు రోజులు వాణ్ణి జాగ్రత్తగా చూసుకో, చాలు."

"గాజు పెట్టెలో పెడతాను." కాసేపు టీ తాగాడు. "ఇంకో మాట. నేను పోతేనో?"

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

నేను స్కేలు కిందికి జరిపాను. ఇరవై ఆరో పేజీలో ఉంది. "యజమాని మారితే ఆ రోజుతో పాలసీ ఆగిపోతుంది. ఇద్దరి పేర్లూ ఉంటే ఆగదు. కానీ ఆ ఇద్దరిదీ ఒకే చిరునామా అయ్యుండాలట."

"అయితే మనం పెళ్ళి చేసుకోవాల్సిందే."

"ఈ వయసులో నీ సాక్సులు నేను ఉతకను," అన్నాను.

గట్టిగా నవ్వింది నేనే. అతను టింకర్ గడ్డం కింద గోకుతూ కూర్చున్నాడు.

కొత్త పాలసీ అక్టోబరు మూడున మొదలైంది. ఆరో తారీఖు నుంచి అనుకుంటాను, పొద్దున నేను రొట్టె కాల్చుకుంటున్న వేళకు గోడ అవతల దగ్గు మొదలైంది. పొడి దగ్గు. ఆగి ఆగి వచ్చేది, చివర్న ఏదో గీరినట్టు చప్పుడు. ఆర్నాల్డ్ ఆ వేళకు ముందుగదిలో రేడియో దగ్గర ఉంటాడు, వంటగదిలో పడుకునేది టింకర్. రొట్టె మాడిపోయినా గమనించకుండా వింటూ నిలబడ్డాను. రెండో రోజు గోడ మీద చెంచాతో కొట్టి, "అక్కడంతా బాగానే ఉందా?" అని అరిచాను. దగ్గు టక్కున ఆగిపోయింది. "బాగానే ఉంది," అని ఆర్నాల్డ్ గొంతు వినిపించింది.

పదకొండో తారీఖున టింకర్‌కి ఏడాది టీకా. ఆర్నాల్డ్‌కు బస్సు నంబర్లు కనిపించవు కాబట్టి ఎప్పుడూ నేనే తోడు వెళ్ళేదాన్ని.

"వచ్చారా కొత్త జంట," అంది కౌంటర్లోని బెవర్లీ. "కూర్చోండి బంగారం, ఫియోనా పిలుస్తుంది. టింకర్, నువ్వు మాత్రం నా బూట్ల మీద పోయకు. పోయినసారిది ఇంకా వదల్లేదు."

ఫియోనా మా ఊరి పశువుల డాక్టరు. నా మనవరాలి వయసుంటుంది, నాకు మనవరాలుంటే. టింకర్ మెడ పట్టుకుని సూది వేసి, చెవులు చూసి, పళ్ళు చూసి, కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదు," అన్నాడు ఆర్నాల్డ్. "గుండ్రాయిలా ఉన్నాడు."

నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు చేతకాదు.

"వారంగా దగ్గుతున్నాడు డాక్టర్. రోజూ పొద్దున్నే. గోడ ఇవతల నాకు వినిపిస్తోంది."

టింకర్ వీపు మీద ఆర్నాల్డ్ చెయ్యి ఆగింది.

"అవునా, ఆర్నాల్డ్?" అని అడిగింది ఫియోనా.

అతను నా వైపు తిరిగాడు. నా ముఖం అతనికి కనపడదని తెలుసు, అయినా చూశాడు. "ఎడ్నా చెవులు నావాటికంటే మంచివి," అన్నాడు.

ఫియోనా వాడి ఛాతీకి గొట్టం పెట్టి చాలాసేపు వింది. శుభ్రంగా ఉందంది. గొంతులో ఏ గడ్డి పరకో తగిలుంటుందంది. ఆ తర్వాత టకటకమని ఏదో కొట్టింది. ఆ టకటక నాకు గుర్తుంది. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు.

బస్సు దిగి ఇంటికి వస్తూ సముద్రం పక్క దారిలో ఆర్నాల్డ్ బెంచీ మీద కూర్చున్నాడు. అలా మధ్యలో ఆగడం అదే మొదటిసారి. "మోకాలు," అన్నాడు. ఇంటికొచ్చి క్యాలెండరు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడు నుంచి పదకొండు. తొమ్మిదో రోజు. పద్నాలుగు రోజులు జాగ్రత్త అని ఒకటికి రెండుసార్లు చెప్పింది నేను, తొమ్మిదో రోజున నోరు తెరిచింది నేను. దగ్గే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆర్నాల్డ్‌కి చెప్పలేదు.

మార్చిలో టింకర్ ఇసుకలో సముద్రపు పక్షుల వెంట పరిగెత్తి, సగంలో కూర్చుండిపోయాడు. నాలుక రంగు మారింది. ఫియోనా ఎక్స్‌రే తీసి చూస్తే కుడి ఊపిరితిత్తిలో వాల్‌నట్ కాయంత గడ్డ ఉంది. ఒక్కటే, ఒక పక్కనే ఉంది. కోసి తీసేస్తే ఇంకా చాలా ఏళ్ళు బతకొచ్చు అంది. పెద్ద ఆసుపత్రిలో చెయ్యాలి. ఆరు వేల నాలుగు వందలు అవుతుంది. ఆరు వారాల లోపు చెయ్యాలి, అది దాటితే తను మాటివ్వలేనంది.

"నా వంతు ఎంత పడుతుంది?" అని అడిగాడు ఆర్నాల్డ్ ఆ సాయంత్రం.

లెక్క నాకు నోటికొచ్చేసింది. "నూట యాభై తీసేస్తే ఆరు వేల రెండు వందల యాభై. దాంట్లో ఐదో వంతు పన్నెండు వందల యాభై. అంతా కలిపి నువ్వు పద్నాలుగు వందలు. వాళ్ళు ఐదు వేలు."

"నన్ను పూడ్చడానికి దాచుకున్నవి రెండు వేలున్నాయి. దాంట్లోంచి తీద్దాం. నన్ను ఆరు వందలకే పూడ్చండి. పెట్టె వద్దు, పాత వల ఉంది, దాంట్లో చుట్టండి."

"అలాంటి మాటలు నా బల్ల దగ్గర వద్దు."

ఇంత పెద్ద ఆపరేషన్‌కు కంపెనీ ముందే ఒప్పుకోవాలి. బెవర్లీ టింకర్ పుట్టినప్పటి నుంచీ ఉన్న రికార్డంతా పంపింది. కంపెనీ అడిగేదీ మొత్తం రికార్డే, పంపేదీ మొత్తమే. ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. నాలుగింటికి ఆర్నాల్డ్ కుర్చీలో, టింకర్ అతని బూట్ల మీద. నేను చదివాను. పాలసీ మొదలైన తొమ్మిదో రోజున వారం నాటి దగ్గు ఉన్నట్టు నమోదైంది. ప్రస్తుత జబ్బు ఛాతీకి సంబంధించినది. మొదటి పద్నాలుగు రోజుల్లో లక్షణాలు కనిపించిన జబ్బు కాబట్టి దీనికి గానీ, ఇకముందు ఛాతీకి వచ్చే దేనికి గానీ చెల్లించలేము.

కాగితం కింద పెట్టాను. "ఇది నేను చేసింది," అన్నాను. "నాకు అప్పుడే తెలుసు. తేదీ చూసుకున్నాను. నీకు చెప్పలేదు."

ఆర్నాల్డ్ కప్పు గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు విన్నది చెప్పావు," అన్నాడు.

"నా పాడు నోరు."

"నీ నోటికేం. ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను. చచ్చిపోలేదుగా."

మర్నాడు ఒక్కదాన్నే ఫియోనా దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్క లైను తీసెయ్యమని అడిగాను. ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"తీసెయ్యలేనండి. రాసింది చెరపకూడదు. దాని కింద ఇంకోటి రాయగలను. వాడి ఊపిరి ఆ రోజు శుభ్రంగా ఉందని నేను రాసిస్తాను, ఆ గడ్డ అప్పటికి ఉండి ఉండదని నా ఉద్దేశం కూడా రాసిస్తాను. కానీ వారంగా దగ్గు ఉందని చెప్పింది మీరు."

"నేను కల గన్నానని రాయండి. ముసలిదానికి చెవులు పనిచెయ్యవని రాయండి."

"మీ చెవులు పనిచేస్తాయని ఆర్నాల్డే చెప్పాడు కదా," అంది మెల్లగా.

కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్క అబద్ధం మాత్రం కలిపి. నేను పొరబడ్డాను, కుక్క దగ్గలేదు అని. రెండు వారాలకు జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. పొరుగావిడ ఒక వారం పాటు రోజూ దగ్గు విన్నట్టు రికార్డులో ఉంది. కుక్క దగ్గకపోతే ఆవిడ విన్న దగ్గు ఎవరిదో, దానికి ఆధారం ఏమిటో తెలియజేయగలరు. అది లేనిదే నిర్ణయం మారదు.

పైకి చదివి, "ఎవరిదో అంటే ఏం చెప్పాలి," అన్నాను. "గోడ దగ్గిందని చెప్పనా?"

ఆర్నాల్డ్ నవ్వలేదు. చక్కెర వేసుకోని టీలో చెంచా తిప్పుతున్నాడు.

"ఇంకెన్ని వారాలు?" అన్నాడు.

"మూడు."

"ఊఁ," అని లేచాడు. టింకర్ వెంటనే లేవలేకపోయాడు, అతను వంగి ఎత్తుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కుక్క బరువనుకున్నాను.

ఆ బుధవారం నాలుగింటికి అతను రాలేదు. నాలుగున్నరకు వెళ్ళి చూస్తే ఇంట్లో టింకర్ మాత్రమే ఉన్నాడు. అయిదు దాటాక ఆర్నాల్డ్ మలుపులో బస్సు దిగి, కాలిబాట అంచు కాలితో తడుముకుంటూ వచ్చాడు.

"ఎక్కడికెళ్ళావు, ఒక్కడివే? ఏ బస్సెక్కావు?"

"వచ్చిన బస్సునల్లా ఆపి అడిగాను. మూడో డ్రైవరు మంచివాడు." టోపీ తీశాడు. తల తడిసి ఉంది, బయట వాన లేదు. "బెవర్లీతో చిన్న పని ఉంది. అన్నీ నువ్వే చెయ్యాలా ఏం?"

నాకు కోపం వచ్చింది. నా ఉత్తరం చాలలేదని బెవర్లీ చేత రాయించాడనుకున్నాను. నిజంగా రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు ఆ రెండు రోజుల్నీ ఎవరైనా తిరిగిస్తే బాగుండునని ఉంటుంది.

పది రోజులకు కవరు వచ్చింది. ఆర్నాల్డ్ దాన్ని చంకలో కాకుండా చేత్తో పట్టుకుని తెచ్చాడు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు. చిన్న గిన్నెలో వెన్నలో వేసిన రొయ్యలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, పండగరోజు తెచ్చినట్టు.

"చివరిదాకా చదువు," అన్నాడు. "మధ్యలో ఆపకు. చిన్న అక్షరాలే ముఖ్యమని నువ్వే అంటావుగా."

స్కేలు పెట్టుకుని చదివాను.

"గౌరవనీయులైన శ్రీ వుడ్‌హౌస్ గారికి. మీ కుక్క టింకర్ విషయమై మీరు పంపిన వాంగ్మూలం, దానికి జతపరచిన ఆసుపత్రి పత్రం అందాయి. అక్టోబరులో మీ పొరుగావిడ విన్న దగ్గు కుక్కది కాదనీ, పాలసీదారుదేననీ, సదరు పాలసీదారు గత ఆగస్టు నుంచి ఊపిరితిత్తుల..."

స్కేలు అక్కడే ఉంది. నా వేలు కూడా అక్కడే ఉంది.

"చదువు, ఎడ్నా."

"ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నారనీ, ఆ జబ్బు నయమయ్యే దశ దాటిందనీ వైద్యులు ధ్రువీకరించారు. ఈ ఆధారాన్ని అంగీకరిస్తూ మా ముందరి నిర్ణయాన్ని రద్దు చేస్తున్నాము. టింకర్ ఆపరేషన్‌కు అనుమతి ఇస్తున్నాము. మీ పరిస్థితికి విచారిస్తున్నాము."

ఒక్క లైను కూడా వదల్లేదు. కింద ఫోన్ నంబర్లు ఉంటే అవి కూడా చదివాను. చదవడం ఆపితే ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

"మంచిది," అన్నాడు ఆర్నాల్డ్. "అయితే ఇస్తారన్నమాట."

"ఆగస్టు నుంచా?"

"ఆగస్టు నుంచే. ఆసుపత్రి వాళ్ళను ఉత్తరాలు రాయొద్దని, ఫోన్లోనే చెప్పమన్నాను."

"రోజూ నాలుగింటికి ఇక్కడ కూర్చుని టీ తాగావు."

"మంచి టీ."

"నేను గోడ మీద కొట్టినప్పుడు దగ్గు ఆగింది. కుక్క ఎక్కడైనా అలా ఆగుతుందా? నాకెందుకు తట్టలేదు?"

"నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను." తల వంచుకుని చెప్పాడు, చిన్నపిల్లవాడు చెప్పినట్టు. "ఆ రోజు డాక్టరమ్మ దగ్గర నువ్వు దగ్గు మాట ఎత్తగానే నా పని అయిపోయిందనుకున్నాను. నువ్వు కుక్క అన్నావు. హమ్మయ్య అనుకున్నాను. కుక్క దగ్గిందంటే ఎవరికేం నష్టం అనుకున్నాను. అది వీడి మెడకు చుట్టుకుంటుందని నాకేం తెలుసు?"

మా ఊరి మగవాళ్ళు ఇంతే. తమకు ఒంట్లో బాగా లేదని ప్రాణం పోయినా చెప్పరు. కుక్కకు బాగా లేదంటే మాత్రం పని మానేసి పరిగెడతారు. నా భర్త కూడా కడుపులో నొప్పి అని చెప్పకుండానే పోయాడు, ఒక మంగళవారం, బూట్లకు పాలిష్ పెడుతూ.

"నాకు చెప్పొచ్చు కదా, ఆర్నాల్డ్."

"ఎలా చెప్పేది? పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే నువ్వు వీధి చివరిదాకా వెళ్ళి చూస్తావు. నేను పోతున్నానని నీకెలా చెప్పేది?" రొయ్యల గిన్నె నా వైపు నెట్టాడు. "నా నోటితో చెప్పలేను, అందుకే నీ చేత చదివించాను. తప్పయితే తిట్టు. ముందు తిను, వెన్న కరిగిపోతోంది."

తిన్నాను. ఏ రుచీ తెలియలేదు. టింకర్ మా ఇద్దరి మధ్య కూర్చుని, ఎవరి చేతిలోంచి పడుతుందా అని చూశాడు.

ఏప్రిల్ చివర వాడికి ఆపరేషన్ అయింది. కుడి పక్కంతా గొరిగేసి, పొడుగ్గా కుట్లతో ఇంటికి వచ్చాడు. బెవర్లీ తన కారులో తెచ్చింది. "చూశావా బంగారం, సగం కుక్కే మిగిలింది," అని ఆర్నాల్డ్ ఒళ్ళో పెట్టి, బయటికి వెళ్ళి కారులో కూర్చుని ఏడ్చింది. నేను కిటికీలోంచి చూశాను. వాంగ్మూలం తన చేత్తో రాసింది ఆమే. కవరు వచ్చేదాకా ఆ పది రోజులూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పొద్దని ఆర్నాల్డ్ మాట తీసుకున్నాడట.

మే నెలలో ఆర్నాల్డూ టింకరూ మెల్లగా ఒకే వేగంతో నడిచేవాళ్ళు. మొదటి బెంచీ దాకా, తర్వాత రెండో బెంచీ దాకా. జూన్‌లో టింకర్ నాలుగో బెంచీ దాకా వెళ్ళాడు. ఆర్నాల్డ్ మొదటి దాని దగ్గరే ఉండిపోయాడు. ఒకరోజు అక్కడ కూర్చుని అడిగాను.

"ఆ చిరునామా సంగతి. ఇప్పుడైనా నా పేరు చేర్పిద్దామా? నేను నీ ఇంటికి వచ్చేస్తాను. నీ సాక్సులు కూడా ఉతుకుతాను."

అతను ఇసుక వైపు చూస్తున్నాడు. ఆటు తీసి ఉంది, కనుచూపు మేర నీళ్ళు లేవు.

"అడిగినప్పుడు రాలేదు," అన్నాడు. "ఇప్పుడు నన్ను చూసి వస్తున్నావా, కుక్కను చూసి వస్తున్నావా?"

"ఇద్దర్నీ."

"ఆలస్యం చేశావు, ఎడ్నా." నా చేతి మీద చెయ్యి వేశాడు. నలభై ఏళ్ళు తాళ్ళు లాగిన చెయ్యి, ఈకంత బరువు కూడా లేదు. "నువ్వు మంచం పక్కన కూర్చుని నా ఊపిరి లెక్కపెట్టడం నాకిష్టం లేదు. గోడ ఉంటేనే బాగుంటుంది. గోడ అవతల నువ్వున్నావని తెలిస్తే చాలు."

ఆ పై వారం నుంచి అతను దగ్గు దాచుకోలేదు. పొద్దున రొట్టె కాల్చుకుంటూ విన్నాను. అది ఆగినప్పుడల్లా చెంచాతో గోడ మీద రెండుసార్లు కొట్టేదాన్ని. అవతలి నుంచి రెండు దెబ్బలు వచ్చేవి. జూలై ఇరవయ్యో తారీఖున నేను కొట్టాను. కొంచెం ఆగి మళ్ళీ కొట్టాను. టింకర్ ఒక్కసారి మొరిగాడు.

పెట్టెలోనే పూడ్చాం. ఆరు వందలకు కుదరలేదు, వీధిలో వాళ్ళందరూ తలా కొంత వేశారు.

కంపెనీకి నేనే రాశాను. వాళ్ళు సంతాపం తెలుపుతూ, ఇరవై ఆరో పేజీలో ఉన్నట్టే, పాలసీ ఆ రోజుతో ముగిసిందని రాశారు. టింకర్‌ని నా దగ్గరే ఉంచుకుని కొత్త పాలసీ నా పేర తీసుకున్నాను. దానిలో మినహాయింపుల కింద ఊపిరితిత్తులు, గుండె, ఛాతీ అన్నీ ఉన్నాయి. చదివి సంతకం పెట్టాను. వాడి కాళ్ళకూ కళ్ళకూ పళ్ళకూ ఏమైనా అయితే ఇస్తారు.

అక్టోబరులో వాణ్ణి టీకాకు తీసుకెళ్ళాను. బెవర్లీ కౌంటర్ వెనకనుంచి లేచి వచ్చి నన్ను పట్టుకుంది, జోకులేమీ వెయ్యలేదు. ఫియోనా సూది వేసింది, మచ్చ చూసింది, ఛాతీకి గొట్టం పెట్టి వింది. బాగుందంది. బరువు కిలోన్నర తగ్గాడంది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, వేళ్ళు మీటల మీద పెట్టి, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"ఇంకేమైనా ఉందా?"

ఏం చెప్పాలి? నాలుగింటికి నా వంటగదిలోంచి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడతాడని. నేను తలుపు తీస్తే బయటికి వెళ్ళి, పక్కింటి గుమ్మం దగ్గర కూర్చుని, తిరిగి నా గుమ్మంలోకి వస్తాడని, ఎవరినో తీసుకొచ్చినట్టు వెనక్కి చూసుకుంటూ. టీ పొయ్యడం మొదలుపెడితే గోడకు చెవి ఆనించి పడుకుంటాడని. పక్కింట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళ కుర్చీ జరిగినప్పుడల్లా లేస్తాడని. తిండి సగం వదిలేస్తున్నాడని.

"గోడ దగ్గర పడుకుంటున్నాడు," అన్నాను. "తినడం లేదు సరిగా."

ఫియోనా కాసేపు తెర వైపు చూసింది. మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది నేను రాయనండి," అంది. "మీరు చెప్పండి, వింటాను."

అప్పుడు చెప్పాను. బయట ఇంకో ముగ్గురు ఎదురుచూస్తున్నా, చివరిదాకా చెప్పాను. టింకర్ బల్ల మీద నిలబడి, తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.